తల్లిపాల ఖర్చు ఎవరిది?

గత మాసం ఒక సోదరి మాకు లేఖ వ్రాశారు. ఆమె కుమార్తె అమెరికాలో నివసిస్తున్నది. అల్లుడు ఆ దేశపు సైన్యంలో ఉద్యోగి. అమ్మాయికి ఇప్పుడు ఏడవ నెల. ప్రసవమైన కొన్ని వారాలకే ఆమె తిరిగి తన ఉద్యోగంలో చేరవలసి ఉన్నది. అయినా బిడ్డకు తన పాలే పట్టాలని ఆమె కోరిక. అందుకు పాలు తీసే యంత్రం, అనగా బ్రెస్ట్ పంపు, అవసరం. దాని ధర ఎక్కువ కనుక భర్తను అడగడానికి బిడియం. సైనిక కుటుంబాల ఆరోగ్య బీమా ద్వారా అది ఉచితంగా లభిస్తుందని ఎవరో చెప్పారట. కానీ ఇటువంటి వస్తువు కోసం నలుగురినీ అడగడం ఎలాగన్న సంకోచం ఆమెను వెనక్కు లాగుతున్నది. యంత్రంతో తీసిన పాలు పట్టడం తగునా? ఆ ఖర్చు ఎవరు భరించాలి? బీమా ద్వారా పొందే మార్గం ఏమిటి? ఇవి ఆ సోదరి అడిగిన మూడు ప్రశ్నలు. ఇటువంటి స్థితిలో ఉన్న ఆడబిడ్డలు ఇంకా కొందరు ఉండవచ్చు గనుక సమాధానాన్ని ఇక్కడే వ్రాస్తున్నాము.

మొదటి ప్రశ్న. తల్లి తన పాలను తీసి తన బిడ్డకే పట్టడంలో అభ్యంతరమేమీ లేదు. రొమ్ము నుండి నేరుగా త్రాగినా, గిన్నెతో పట్టినా, సీసాతో పట్టినా అవి తల్లిపాలే. యంత్రం అవసరం ఎందుకు కలుగుతుందో కూడా తెలుసుకోవాలి. పాలు ఎంతగా తీసివేయబడితే శరీరం అంతగా ఉత్పత్తి చేస్తుంది. తల్లి ఎనిమిది తొమ్మిది గంటలు బిడ్డకు దూరంగా ఉండి, ఆ సమయంలో పాలు తీయకపోతే రొమ్ములు గడ్డకట్టి నొప్పిపెడతాయి. కొద్ది రోజులకు పాలే తగ్గిపోతాయి. అప్పుడు "నాకు పాలు పడలేదు" అని తల్లి బాధపడుతుంది. నిజానికి పాలు పడకపోవడం కాదు, తీసే ఏర్పాటు లేకపోవడం. బిడ్డకు మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, తరువాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరాలో పాలిచ్చే గడువును పూర్తి చేయదలచిన వారికి నిర్దేశించినది కూడా రెండు సంవత్సరాలే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. యంత్రంతో తీసినప్పుడు కొందరు తల్లులకు పాలు మిగులుతాయి. వాటిని స్నేహితురాలి బిడ్డకో, పాల బ్యాంకుకో ఇచ్చే అలవాటు ఆ దేశంలో ఉన్నది. మంచి మనసుతోనే ఇస్తారు. అయితే పాత్రలో పోసి పట్టిన పాలతో కూడా రజాఅత్, అనగా స్తన్య బంధుత్వం, ఏర్పడుతుందని ఫుఖహాలలో అత్యధికుల అభిప్రాయం. ఎవరి పాలు ఎవరు త్రాగారో తెలియకపోతే రేపు వివాహాల విషయంలో చిక్కు వస్తుంది. ఈ కారణం చేతనే 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ పాల బ్యాంకులను అనుమతించలేదు. వేరే అభిప్రాయం గల ఉలమాలు కూడా ఉన్నారు. కనుక ఇచ్చే ముందు తెలిసిన ఆలిమ్‌ను సంప్రదించండి. ఇస్తే ఎవరికి ఇచ్చినదీ వ్రాసి ఉంచండి.

రెండవ ప్రశ్న. అదే ఆయతులో పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిపై ఉంచబడింది. అది కూడా లోకాచారాన్ని అనుసరించి, అతని శక్తి మేరకు. దీని భావం గ్రహించాలి. పాలు తల్లివి, కానీ పాలిచ్చే ఏర్పాటు తండ్రి బాధ్యత. ఈ కాలంలో, ఆ అమ్మాయి ఉన్న పరిస్థితిలో, ఆ ఏర్పాటులో యంత్రం కూడా ఒక భాగమే. ఆమె దానిని భర్త వద్ద యాచించవలసిన పనిలేదు. ఆమె నోరు తెరవకముందే అతడు సమకూర్చవలసినది అది. ఇక ఆ భారాన్ని అతని ఉద్యోగమే మోయడానికి సిద్ధంగా ఉన్నప్పుడు దానిని వదులుకోవడం వినయం కాదు, బిడ్డ హక్కును పోగొట్టడం.

మూడవ ప్రశ్న ఆ ఉద్యోగానికి సంబంధించినది. అమెరికా సైనికులకు, విశ్రాంత సైనికులకు, వారి కుటుంబాలకు వర్తించే ఆరోగ్య పథకం పేరు ట్రైకేర్. 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం ఫలితంగా ఆ దేశంలోని చాలా ప్రైవేటు బీమాలు పాల యంత్రాన్ని ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. కానీ ట్రైకేర్ వేరే చట్టం కింద నడిచేది కావడంతో సైనికుల భార్యలకు, సైన్యంలో పనిచేసే తల్లులకు ఆ సౌకర్యం అందలేదు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల తల్లులకు మాత్రమే ఆసుపత్రి స్థాయి యంత్రం లభించేది. 2014 డిసెంబరులో రక్షణ శాఖ చట్టం ద్వారా ఈ లోటు తీర్చబడింది. 2015 జూలై 1 నుండి అమలు మొదలైనా, 2014 డిసెంబరు 19 నుండే వర్తింపజేశారు. మధ్యకాలంలో సొంత డబ్బుతో కొన్నవారిలో వైద్యుని చీటీ, రసీదు చూపగలిగిన వారికి సొమ్ము తిరిగి వచ్చే వీలు కలిగింది. కాగితం విలువ దీనితో తెలుస్తుంది.

ఇప్పుడున్న నియమం ఇది. ఒక్కో కాన్పుకు ఒక యంత్రం, చేతితో నొక్కేదైనా, సాధారణ విద్యుత్ యంత్రమైనా, ఉచితంగా లభిస్తుంది. కవలలు పుట్టినా ఒకటే. శిశువును దత్తత తీసుకుని పాలివ్వదలచిన తల్లికీ ఈ సౌకర్యం ఉన్నది. గర్భం 27వ వారం నుండి తీసుకోవచ్చు. లేఖ వ్రాసిన సోదరి కుమార్తెకు ఆ సమయం వచ్చినట్లే. కనుక ప్రసవం దాకా ఆగవలదు. బిడ్డ చేతికి వచ్చిన తరువాత ఈ పనికి తీరిక దొరకదు.

చేయవలసిన పనులు వరుసగా చెబుతాము. మొదట, అల్లుడు తన భార్య పేరు సైన్యపు నమోదు పుస్తకమైన డీర్స్‌లో సరిగా ఉన్నదో లేదో చూడాలి. రెండవది, ఆమె తనను చూసే వైద్యురాలిని గాని, నర్సు మిడ్‌వైఫ్‌ను గాని అడిగి యంత్రానికి చీటీ వ్రాయించుకోవాలి. సాధారణ యంత్రమా, చేతి యంత్రమా అన్నది ఆ చీటీలో ఉండాలి. మూడవది, ట్రైకేర్‌తో ఒప్పందం ఉన్న సరఫరాదారునికి ఆ చీటీ పంపితే అతడే బిల్లును బీమాకు పంపి యంత్రాన్ని ఇంటికి చేరుస్తాడు. చేతి నుండి డబ్బు పెట్టే పని ఉండదు. దుకాణంలో తామే కొనుక్కున్నా ఫరవాలేదు. అప్పుడు రసీదును, చీటీని జతచేసి డీడీ ఫారం 2642 నింపి పంపాలి. అమెరికాలో కొన్నదానికి ఏడాదిలోగా, ఇతర దేశాలలో కొన్నదానికి మూడేళ్ళలోగా ఈ దరఖాస్తు చేరాలి.

బీమా చెల్లించే ధరకు ఒక పరిమితి ఉన్నది. దుకాణదారులు మరింత ఆకర్షణీయమైన యంత్రాన్ని చూపి, పైసొమ్ము మీరు కట్టండి అనవచ్చు. ముందుగా, "నేను ఏమైనా కట్టవలసి ఉంటుందా" అని అడిగి, అవసరానికి సరిపోయేదే తీసుకోవాలి. గొట్టాలు, పాలు నిలువ చేసే సంచులు వంటి యంత్రపు సామాగ్రి కూడా కాన్పు తరువాత 36 నెలల వరకు పరిమిత సంఖ్యలో లభిస్తుంది. పాలిచ్చే తల్లుల లోదుస్తులు, క్రీములు, మామూలు పాలసీసాలు లభించవు. బిడ్డ నెలలు నిండక ఆసుపత్రిలో ఉండిపోతే పెద్ద యంత్రం వాడుకకు వస్తుంది. దానికి ముందస్తు అనుమతి అవసరం.

యంత్రం వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. మన ఊళ్ళలో బాలింత ప్రక్కన తల్లి, అత్త, మేనత్త ఉంటారు. బిడ్డను ఎలా పట్టుకోవాలో, పాలు గడ్డకడితే ఏమి చేయాలో వారే చెబుతారు. సైనికుని ఇల్లు రెండు మూడేళ్ళకు ఒకసారి ఊరు మారుతుంది. ఒక్కోసారి భర్త నెలల తరబడి దూరదేశంలో ఉంటాడు. అక్కడ ఆ అమ్మాయి ఒంటరిది. ఈ లోటును కొంత తీర్చడానికే ఒక్కో కాన్పుకు ఆరు సార్ల వరకు పాలివ్వడంపై విడిగా సలహా పొందే అవకాశం ట్రైకేర్‌లో ఉన్నది. దానిని తప్పక వాడుకోవాలి.

తీసిన పాలను భద్రపరచడం కూడా తెలియాలి. 25 డిగ్రీల వరకు ఉన్న గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలువ ఉంటాయి. ఫ్రీజర్‌లో 6 నెలలలోగా వాడడం మేలు. సంచిపై తేదీ వ్రాయాలి. మైక్రోవేవ్‌లో పెట్టక, గోరువెచ్చని నీటిలో ఉంచి వేడిచేయాలి. ఒకసారి కరిగిన పాలను మరల గడ్డకట్టించరాదు.

ఇక ఆ అల్లుడికి ఒక మాట. నాయనా, నీ భార్య ఈ విషయం నిన్ను అడగలేకపోతున్నది. నీవే ముందు అడుగు. బిడ్డ పుట్టగానే డీర్స్‌లో నమోదు చేయించవలసినది నీవే. నీవు దూరదేశం వెళ్ళవలసి వస్తే, ఆ పని ఆమె చేయగలిగేలా అధికార పత్రం వ్రాసి ఇచ్చి వెళ్ళు. రాత్రి ఆమె పాలు తీస్తున్నప్పుడు గిన్నెలు కడిగి పెట్టడం నీ గౌరవానికి తక్కువ కాదు.

ఆ అమ్మాయికి కూడా ఒక మాట. అమ్మా, హయా విశ్వాసంలో భాగమే. కానీ వైద్యురాలిని ఒక చీటీ అడగడం హయాకు విరుద్ధం కాదు. ఇంత చేసినా ఏ కారణం చేతనైనా పాలు చాలకపోతే కుమిలిపోవద్దు. తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో పాలు మాన్పిస్తే దోషం లేదని కూడా ఆ ఆయతే చెబుతున్నది. ప్రయత్నం వరకే మన బాధ్యత, ఫలితం అల్లాహ్ చేతిలో ఉన్నది.

ఆ తల్లికి సుఖప్రసవాన్ని, బిడ్డకు ఆరోగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.