హిమగిరి యాత్ర

2013 జూన్ 16, 17 తేదీలలో కేదారనాథమున సంభవించిన జలప్రళయమును ఆంధ్రులు మఱవజాలరు. కుండపోత వాన కురిసి, చోరాబారీ సరస్సు గట్టు తెగి, మందాకిని వేలకొలది జనులను బలిగొన్నది. అందు మన యాత్రికులును గలరు. భూతాపము హెచ్చినకొలది హిమానీనదములు కరగుచున్నవి, కుంభవృష్టులు పెరుగుచున్నవి. అయినను 2023లో చార్‌ధామ్ యాత్రికుల సంఖ్య 50 లక్షలు దాటెను. ఇది భక్తివృద్ధియని సంతసింపవలెనా?

మేము యాత్ర వలదనుట లేదు, క్రమపఱుపుమనుచున్నాము. నదీతీరమున వసతిగృహములను కట్టనిచ్చి, పిదప మృతులకు పరిహారము పంచుట పరిపాలనము కాదు. దినమునకు ఇంతమందియని నిర్ణయించి, దానిని సడలింపక పాటింపవలెను. వర్షసూచన అందినంతనే యాత్రను నిలుపవలెను. ఆదాయము తగ్గునని కొండవాసులు మొఱవెట్టుదురు. ఆ మొఱ న్యాయమైనదే. వారికి వేఱొక జీవనోపాధి చూపుట ప్రభుత్వ ధర్మము. యాత్రికుడును ఒక యేడు వేచియుండుట నేర్వవలెను. దేవుడు కదలిపోడు, కొండ కదలుచున్నది.