పాటలో ఆమె కూడా ఉంది

2025 నవంబరులో ‘పెద్ది’ సినిమా నుంచి ‘చికిరి చికిరి’ పాట వచ్చింది. స్వరం ఏ.ఆర్.రెహమాన్‌ది. ఆడింది రామ్‌చరణ్. దర్శకుడు మన ఉప్పాడ కథను ‘ఉప్పెన’గా తీసిన బుచ్చిబాబు. పాట ఇలా వచ్చిందో లేదో కాకినాడ పిల్లలు ఆ స్టెప్పు పట్టేశారు. ఆ స్టెప్పు కట్టింది జానీ మాస్టర్. ఆ పేరు ఎత్తి ఎవరైనా మొహం చిట్లిస్తే, టీ కొట్టు దగ్గరైనా కాలేజీ మెట్ల మీదైనా వినిపించే జవాబు ఒక్కటే: పాట వేరు, మనిషి వేరు.

పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఈ మాటే అంటున్నారు. వినడానికి ఉదారంగా ఉంటుంది. నాకు మాత్రం ఇది అన్యాయమైన మాట అనిపిస్తుంది, ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్పుకుందాం. 2024 సెప్టెంబరులో 21 ఏళ్ల సహాయ నృత్య దర్శకురాలు హైదరాబాదులో జానీ మాస్టర్ మీద పోలీసులకు ఫిర్యాదు చేసింది. రాయదుర్గం స్టేషన్లో జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి కేసును నార్సింగికి పంపారు. ముంబయి షూటింగుకి వెళ్లినప్పుడు లైంగిక దాడి మొదలైందని, అప్పటికి తను మైనరునని ఆమె చెప్పింది కాబట్టి పిల్లల మీద లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం సెక్షన్లు చేరాయి. సెప్టెంబరు 19న ఆయన్ను గోవాలో అరెస్టు చేశారు. అక్టోబరు 24న తెలంగాణ హైకోర్టు బెయిలిచ్చింది. ఆరోపణలు అబద్ధమని ఆయన అంటున్నారు. నేరం రుజువు కాలేదు. ఆమె చెప్పిందీ ఆయన కాదన్నదీ రెండూ పక్కపక్కనే ఉంచి మాట్లాడాలి.

అభిమాని బాధను నేను తేలిగ్గా తీసుకోను. నెల్లూరు నుంచి వచ్చి, వెనుక వరసలో గ్రూప్ డ్యాన్సరుగా మొదలై, టీవీ డ్యాన్స్ షో ‘ఢీ’ వేదిక మీద వెలిగి, పెద్ద హీరోల చేత స్టెప్పులేయించిన మనిషి ఆయన. దుమ్ములపేటలోనో జగన్నాథపురంలోనో ఇరుకింట్లో పుట్టి, డాబా మీద ఫోన్లో పాట పెట్టుకుని ప్రాక్టీసు చేసే కుర్రాడికి ఆ ప్రయాణం ఎంత ధైర్యమో నాకు తెలుసు. సిఫారసు లేకుండా, డబ్బు లేకుండా, ఒంట్లో ఉన్న లయతోనే పైకి రావచ్చని ఆ కుర్రాడు నమ్మాడు. ఇప్పుడు ఆ నమ్మకం మీద దెబ్బ పడింది. గురువని మొక్కిన మనిషి గురించి అలాంటి ఫిర్యాదు చదివినప్పుడు కడుపులో దేవినట్టు అవుతుంది. ఆ బాధ నుంచి తప్పించుకోవడానికి దొరికిన దగ్గరి దారే ‘పాట వేరు, మనిషి వేరు’. ఆ దారి ఎందుకు తొక్కుతారో నాకు అర్థమవుతుంది. అది ఎవరి మీదుగా పోతోందో కూడా చూడాలి కదా.

నిజానికి మనం ఎప్పుడైనా పాటను మనిషి నుంచి వేరు చేశామా? ఫ్లెక్సీ మీద వేసేది స్టెప్పు బొమ్మ కాదు, మనిషి మొహం. పాలాభిషేకం మనిషికే, ఈల మనిషికే, పుట్టినరోజు కేకు మనిషికే. 2024 ఎన్నికల్లో జనసేన ప్రచారకుల జాబితాలో జానీ మాస్టర్ పేరు పెట్టింది ఆయన స్టెప్పులు ఓట్లు అడుగుతాయని కాదు, ఆయన్ను జనం ప్రేమిస్తారని. ఫిర్యాదు వచ్చాక పార్టీ కార్యక్రమాలకు దూరంగా ఉండమని చెప్పిందీ ఆ మనిషికే. కీర్తి వచ్చినన్నాళ్లూ పాటా మనిషీ ఒకటి. ఒక ఆడపిల్ల నోరు విప్పిన రోజునే రెండూ వేరయ్యాయి. ఆమె తప్ప మరెవరూ నష్టపోని రోజున మనకు ఈ వివేకం కలిగింది.

అసలు తప్పు ఇంకా లోతుగా ఉంది. ‘మనిషి వేరు’ అన్నప్పుడు మన మనసులో ఉన్నది ఒకే మనిషి, పేరున్న మనిషి. సినిమా పాట ఒక్కరి చేతిలో తయారవదు. అది పనిచోటు. మాస్టరు ఊహించిన కదలికను ముందు ఒంటి మీద వేసి చూపించేవాళ్లు సహాయకులు. హీరోయిన్‌కి కౌంట్లు నేర్పేదీ, యాభైమంది గ్రూపును వరసలో నిలబెట్టేదీ, తెల్లవారుజాము కాల్షీటుకి అందరికన్నా ముందు వచ్చేదీ వాళ్లే. మనం కళ అని చప్పట్లు కొట్టేదానిలో వాళ్ల ఒళ్లు నొప్పులు ఉన్నాయి. వాళ్లలో ఒకమ్మాయి ఆ పనిచోటులోనే తనకు అన్యాయం జరిగిందని చెబుతుంటే, ‘పాట వేరు’ అనడం ఆమెను ఆమె చేసిన పనిలోంచి తుడిచెయ్యడమే. పాటను ఏ మనిషి నుంచి వేరు చేస్తున్నాం? ఆయన నుంచి కాదు. ఆయన పేరు టైటిల్స్‌లో అలాగే ఉంది.

గాయని చిన్మయి సంగతి చూడండి. ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’లో ఆమె పాడిన తొలి సినిమా పాట రాసింది వైరముత్తు. మనం వేరే మాటలతో విన్న ‘రోజా’ పాటలకు తమిళ మాతృక కూడా ఆయనదే. 2018 అక్టోబరులో ఆమె ఆయన మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసింది. ఆయన కాదన్నారు. ఆ మరుసటి నెలలోనే డబ్బింగ్ యూనియన్ చందా కట్టలేదన్న కారణం చెప్పి ఆమె సభ్యత్వం తీసేసింది. తమిళంలో ఎన్నో పాత్రలకు గొంతయిన మనిషికి అక్కడ డబ్బింగ్ పని పోయింది. ఆయనకు 2021లో కేరళలో ఓఎన్‌వీ సాహిత్య పురస్కారం ప్రకటించారు. పార్వతి లాంటి నటీమణులు నిలదీశాక ఆ పురస్కారం ఇచ్చే అకాడమీ పునరాలోచిస్తామంది, ఆయన తానే వద్దనుకున్నారు. పాటా మనిషీ వేరని వాదించేవారు ఇక్కడ ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: చిన్మయి గొంతును ఆమె నుంచి ఎందుకు వేరు చెయ్యలేకపోయారు? ఆమె కళ ఏం నేరం చేసిందని పని ఆపారు? కళను కాపాడే సూత్రమే అయితే అది ఇద్దరికీ వర్తించాలి. వర్తించలేదు, ఎప్పుడూ వర్తించదు.

ఇక రెండో మాట: కోర్టు తేల్చేదాకా నోరు మూసుకోవాలి. ఇది మొదటిదానికన్నా గంభీరమైనది, దీనికి ఓపిగ్గా జవాబు చెప్పాలి. రుజువయ్యేదాకా నిర్దోషి అన్న నియమం గొప్పది. రాజ్యం చేతిలో జైలు ఉంది, లాఠీ ఉంది, అందుకే ఆ అడ్డుగోడ. ఆయన ఇంటి మీద రాళ్లు వేసేవాణ్ణీ, ఆయన కుటుంబాన్ని తిట్టేవాణ్ణీ నేను ఒక్క క్షణం కూడా సమర్థించను. ఆ నియమం నిందితుడికి ఇచ్చేది న్యాయమైన విచారణ. కొత్త సినిమా కాంట్రాక్టు, సన్మాన శాలువా, నా ఈల దాని కిందకు రావు. 2024 ఆగస్టులో ‘తిరుచిత్రంబళం’ పాటకు ఆయనకు జాతీయ అవార్డు ప్రకటించారు. అక్టోబరు మొదటివారంలో కేంద్ర ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. ఆరోపణల తీవ్రత, కేసు కోర్టులో ఉండటం చూపించి, తీర్పు రాకముందే ఆ నిర్ణయం తీసుకుంది. దోషి అని ప్రకటించలేదు, శిక్ష వెయ్యలేదు, సన్మానం మాత్రం ఆపింది. ప్రభుత్వానికి చేతనైన ఆ తేడా పదిమందిలో గౌరవంగా బతికే మనకు చేతకాదా?

తీర్పు కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో అమెరికా గాయకుడు ఆర్.కెల్లీ చరిత్రలో ఉంది. 1994లో 15 ఏళ్ల గాయని ఆలియాను వయసు తప్పు చూపించి పెళ్లాడాడు. 1998లో గ్రామీలు గెలిచాడు. ఆయన పాట బడుల్లో చిన్నపిల్లల చేత పాడించారు. 2002లో బాలల అశ్లీల చిత్రాల కేసు పడితే విచారణ మొదలయ్యేసరికి 2008 వచ్చింది, నిర్దోషిగా బయటికొచ్చాడు, అభిమానులు పండగ చేసుకున్నారు. 2021లో న్యూయార్క్ కోర్టు దోషి అంది, మరుసటి ఏడాది 30 ఏళ్ల శిక్ష పడింది. 1994 నుంచి 2021 దాకా 27 ఏళ్లు. అన్నేళ్లూ టిక్కెట్లు కొన్నవాళ్లు చట్టాన్ని గౌరవిస్తున్నామనే అనుకున్నారు. ఆ టిక్కెట్ల డబ్బుతోనే ఆయన చుట్టూ మనుషులూ, లాయర్లూ, మౌనం నిలబడ్డాయి. బ్రిటన్‌లో లాస్ట్‌ప్రాఫెట్స్ బ్యాండు గాయకుడు ఇయాన్ వాట్కిన్స్ పసిపిల్లల మీద నేరాలకు 2013లో జైలుకెళ్లాడు. అతని గురించి 2008 నుంచీ ఫిర్యాదులు వస్తున్నా పోలీసులు పట్టించుకోలేదని తర్వాత విచారణలో తేలింది. ఫిర్యాదు చేసినవాళ్ల మాటకన్నా అతని ఖ్యాతికి బరువెక్కువైంది. ఆ ఖ్యాతిలో అభిమానుల వాటా ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

‘ఇన్నాళ్లూ ఏం చేసింది?’ అనేది మూడో మాట. దీని మీద ఎక్కువ కాలం ఖర్చుపెట్టను. పోక్సో కింద ఫిర్యాదుకు కాలపరిమితి లేదు, 18 ఏళ్లలోపు పిల్ల ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే ఆ చట్టంలో ఉండదు. పని ఇచ్చేవాడి మీద ఫిర్యాదు చేస్తే పని పోతుంది, చిన్మయికి పోయినట్టే. ఆలస్యానికి ఇంతకన్నా కారణం వెతకాల్సిన పని లేదు. అభిమానం పేరుతో ఫిర్యాదుదారు ఫొటో, పేరు వాట్సాప్‌లో తిప్పేవాళ్లు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అది రెండేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం.

ఎవరైనా అడగొచ్చు, మరి చెడ్డవాళ్లు చేసిన మంచి కళంతా పారెయ్యాలా అని. అక్కర్లేదు. ఇటలీ స్వరకర్త జెజువాల్దో 1590లో భార్యనూ ఆమె ప్రియుణ్ణీ చంపాడు. ఆయన కూర్చిన పాటలు ఇప్పటికీ పాడుతున్నారు, నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు వాటి రాయల్టీ ఆయనకు చేరదు, ఆయన కింద పని చేసే అమ్మాయి లేదు. బతికున్న మాస్టరు సంగతి అలా కాదు. ఆయన చేతిలో రేపటి కాల్షీటుంది, ఎవరిని తీసుకోవాలో ఎవరిని తప్పించాలో ఆయన చెప్తే జరుగుతుంది. పాత పాట ఇంట్లో వినాలో వద్దో ఎవరి మనసు వారిది. కొత్త పని ఇవ్వడం మాత్రం సొంత రుచికి సంబంధించిన విషయం కాదు. అది రేపు ఆ రిహార్సల్ హాల్లోకి అడుగుపెట్టే పిల్లల గురించిన నిర్ణయం. ‘చికిరి’కి ఆయన్ను పిలిచినవారు ఆ నిర్ణయమే తీసుకున్నారు, దాని గురించి వాళ్లను అడిగే హక్కు ప్రేక్షకుడికి ఉంది.

శాస్త్రీయ సంగీతంలో ఒకసారి దీనికి దారి కనిపించింది. 2018లో సంగీతకారుల మీద లైంగిక వేధింపుల ఆరోపణలు బయటికొచ్చినప్పుడు మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆ ఏడాది డిసెంబరు కచేరీల నుంచి ఏడుగురు కళాకారుల్ని తప్పించింది. కోర్టు తీర్పు కోసం ఆగలేదు, ఎవర్నీ దోషి అని చాటించలేదు. ఉత్సవం జరిగింది, త్యాగరాజ కీర్తనలు పాడారు, సంగీతానికి ఏ లోటూ రాలేదు. నూరేళ్లు దాటిన సరస్వతీ గానసభ ఉన్న ఊరు మనది. సూర్యకళామందిరంలో కచేరీ అంటే ఇప్పటికీ కదిలొచ్చే రసికులున్నారు. అందుకని మన సభలనూ, కాలేజీ ఉత్సవాల నిర్వాహకులనూ, వీధి చివరి డ్యాన్స్ స్కూళ్లనూ అడుగుతున్నాను: పిల్లలు ఫిర్యాదు చేయడానికి మీ దగ్గర ఎవరున్నారు? పదిమందికన్నా తక్కువ పనిచేసే చోట్ల కోసం, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు దానికి ఫిర్యాదు చెయ్యాలి. ఆ కమిటీ సంగతి మన ఆర్కెస్ట్రాల్లో పాడే అమ్మాయిల్లో ఎందరికి చెప్పాం?

అభిమాన సంఘాలకు ఒక పని ఉంది, నిజంగా పరిశ్రమను ప్రేమించేవాళ్లైతే. 2018 ఏప్రిల్లో నటి శ్రీరెడ్డి ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసన తెలిపాక తెలంగాణ ప్రభుత్వం తెలుగు సినీరంగంలో లైంగిక వేధింపుల మీద ఉపసంఘం వేసింది. దాని నివేదిక 2022లో ప్రభుత్వం చేతికి అందింది. 2024 ఆగస్టులో మలయాళ సినీరంగం మీద కేరళ హేమ కమిటీ నివేదిక బయటికి రాగానే, మన నివేదికనూ బయటపెట్టమని సమంత కోరారు. నాకు తెలిసినంతలో అది జనం ముందుకు రాలేదు. సినిమా విడుదల తేదీ కోసం నిర్మాత ఆఫీసు ముందు బైఠాయించగలిగిన వాళ్లు, టీజర్ ఆలస్యమైతే రాత్రంతా ట్రెండ్ నడపగలిగిన వాళ్లు, ఒక్క రోజు ఆ నివేదిక విడుదల తేదీ అడగండి.