కోడింగ్ మనవల్ల కాదా? ఎవరన్నారు?



మన గూడేల నుంచి డిగ్రీకి, బీటెక్‌కి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ ఒక మాట అంటుంటారు. "కోడింగ్ మనవల్ల కాదన్నా, అది చిన్నప్పట్నుంచి ఇంట్లో కంప్యూటర్ ఉన్నోళ్లకే." ఈ మాట తప్పని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం.

ఈమాక్స్ అని ఒక టెక్స్ట్ ఎడిటర్ ఉంది. నోట్సు, ఉత్తరాలు, కోడ్ ఏదైనా అందులో రాసుకోవచ్చు. 1976లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. ఇప్పుడు వాడుతున్న గ్నూ ఈమాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేశాడు. దాన్ని ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. దాని అడుగు భాగం సీ భాషలో ఉన్నా, మనం వాడే ఆదేశాల్లో ఎక్కువ శాతం ఈమాక్స్ లిస్ప్ అనే భాషలో రాసినవే. ఆ భాషని వాడేవాళ్ల చేతికే ఇచ్చేశారు. ఎడిటర్ నడుస్తుండగానే మనకి కావాల్సినట్టు మార్చుకోవచ్చు.

అంతకుముందే, 1978లో, బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే వ్యవస్థ మీద లిస్ప్‌తో ఒక ఈమాక్స్ రాశాడు. ఆయన ఆఫీసులో సెక్రటరీలు దాన్ని వాడటం మొదలుపెట్టారు. తమకి ప్రోగ్రామింగ్ చేతకాదని నమ్మినవాళ్లు వాళ్లు. కానీ వాళ్లకిచ్చిన పుస్తకంలో "ఇది ప్రోగ్రామింగ్" అని ఎక్కడా లేదు. పని సులువు చేసుకునే పద్ధతి అని చదివారు, చేశారు, నేర్చేసుకున్నారు. స్టాల్‌మన్ 2002లో ఒక ప్రసంగంలో ఈ సంగతి చెప్పాడు.

అంటే ఆ సెక్రటరీలకి అడ్డొచ్చింది తెలివి కాదు, ఆ పేరంటే భయం. మనకీ అంతే.

ఇందులో మన పనీ ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. చోటు వస్తే సరిపోదు, టైప్ చేయడానికి దారి కావాలి. ఈమాక్స్‌లో ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో లిస్ప్‌లో ఒక పట్టికలా మనమే రాసుకోవచ్చు. ఆ లిపి ఫాంట్ కంప్యూటర్లో ఉంటే చాలు. ఏ కంపెనీ దయ కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

ఇది నేర్చుకుంటే రేపే ఉద్యోగం వస్తుందని మేం అనం. కంపెనీలు జావా, పైథాన్ అడుగుతాయి. బ్రాకెట్లు చూస్తే మొదట్లో తల తిరుగుతుంది. వివరాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, అది మన పిల్లలకి నిజంగా కష్టమే. అయితే ప్రోగ్రామర్లు కానివాళ్ల కోసం రాబర్ట్ చాసెల్ రాసిన లిస్ప్ పరిచయ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు వచ్చిన సీనియర్లు దాన్ని కూర్చోబెట్టి చెప్పాలి, గోండిలోనో కోయలోనో తెలుగులోనో. 2025లో వచ్చిన 30వ వెర్షన్ నుంచి ఈమాక్స్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా నడుస్తుంది. కాబట్టి ల్యాప్‌టాప్ లేదని ఆగొద్దు.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. హాస్టల్‌లోనో కాలేజీ ల్యాబ్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చుని ఈమాక్స్ తెరిచి (+ 2 3) అని రాయండి. చివరి బ్రాకెట్ పక్కన కర్సర్ పెట్టి, కంట్రోల్ పట్టుకుని ఎక్స్, మళ్లీ కంట్రోల్ పట్టుకుని ఈ నొక్కండి. కింద 5 కనిపిస్తుంది. అప్పటికే మీరు ప్రోగ్రామ్ రాసేశారు. ఇంక "మనవల్ల కాదు" అనకండి.