వాక్యంలో కర్త ఎవరు?

కొన్ని నెలలుగా ప్రతి శనివారం సాయంత్రం మా ఆఫీసులో ఇంగ్లీషు క్లాసు జరుగుతోంది. నేర్చుకునేవాళ్లు ఊళ్లలో, బస్తీల్లో మహిళా సంఘాలతో పనిచేసే కార్యకర్తలు. అక్షరాలు, చిన్న చిన్న వాక్యాలు వాళ్లకు వచ్చు. ఆ పై మెట్టు ఎక్కాలని వస్తున్నారు. పాఠం చెప్పడం నా వంతు. ఒకరోజు గ్రామరు పుస్తకం పెట్టుకుని యాక్టివ్ వాయిస్‌ని పాసివ్ వాయిస్‌లోకి మార్పించాను. 'చేత' అని వచ్చే చివరి ముక్కను చాలాసార్లు వదిలేయవచ్చు, తప్పేమీ కాదన్నాను. ఒకామె వెంటనే అడిగింది: "అక్కా, 'భర్త భార్యను కొట్టాడు' అన్నది 'భార్య కొట్టబడింది' అయిపోతుంది కదా. మరి కొట్టినవాడు ఎక్కడికి పోయాడు?"

సోషియాలజీలో డాక్టరేటు చేసిన నాకు, ఇన్నేళ్లు ఇంగ్లీషులో వ్యాసాలు రాస్తున్న నాకు, ఈ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. కర్తను వదిలేసే వాక్యాలు ఎన్ని రాశానో లెక్కలేదు. ఇది ఇంగ్లీషు చేసిన పాపం మాత్రమే కాదు. 'ఆమెకు దెబ్బలు తగిలాయి' అని మనమూ అంటాం. 'దెబ్బలు తింది' అన్నప్పుడైతే కర్త స్థానంలో ఏకంగా ఆమెనే కూర్చోబెడతాం, ఆ పనేదో ఆమే చేసినట్లు. ఫిర్యాదు రాసేటప్పుడు కొట్టినవాడి పేరు వాక్యం మొదట్లో ఉండాలని ఆ రోజు నుంచి మా క్లాసులో ఒక నియమం పెట్టుకున్నాం.

పదాల సంగతి ఇంతకంటే తీవ్రమైనది. అర్థంలో దగ్గరగా కనిపించే మాటల మధ్య తేడా చెప్పమని గ్రామరు పుస్తకాలు అభ్యాసాలిస్తాయి. 'కన్సెంట్', 'సబ్మిషన్' అలాంటి జంటే. 1972లో మహారాష్ట్రలో పోలీసు స్టేషనులో మథుర అనే ఆదివాసీ బాలికపై అత్యాచారం జరిగింది. ఆమె ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటించలేదని భావించి, 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ 1979లో ఆ కోర్టుకు బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్నది ఆ లేఖలోని కీలకమైన వాదన. దేశమంతటా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. రెండు మాటల మధ్య తేడా చెప్పడం కేవలం మార్కుల కోసం చేసే పని కాదని మనకు ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

ఇక 'షల్', 'మే'. పుస్తకంలో ఒక పేజీ పాఠం. 2005 గృహహింస చట్టం తీసి చదివించాను. దరఖాస్తు అందాక మొదటి విచారణ తేదీని మేజిస్ట్రేటు నిర్ణయించి తీరాలి, మామూలుగా అది మూడు రోజులు దాటకూడదు. అక్కడ ఉన్నది 'షల్'. రక్షణ ఉత్తర్వు ఇచ్చే 18వ సెక్షన్లో ఉన్నది 'మే', అంటే ఇవ్వవచ్చు. ఏది గట్టిగా నిలదీసి అడగాలో, ఎక్కడ వాదించి ఒప్పించాలో ఆ చిన్న మాటే చెబుతుంది. 24వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు కాపీ ఉచితంగా ఇవ్వాలి. అక్కడా 'షల్' అనే ఉంది.

కోర్టులే తెలుగులో నడిస్తే ఈ బాధ ఎందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. నిజమే, ఆ డిమాండును మనం వదులుకోకూడదు. కానీ పార్లమెంటు వేరే చట్టం చేసేదాకా సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషేనని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతోంది. ఈ రోజు చేతికి ఉత్తర్వు అందుకున్న స్త్రీ అంతవరకూ ఆగలేదు.

మనలోకి మనం చూసుకోవలసిన విషయం కూడా ఒకటి ఉంది. మన సంస్థల్లో ఎండలో తిరిగి సమాచారం తెచ్చేది ఒకరు, దాన్ని ఇంగ్లీషులో రిపోర్టుగా రాసి పేరు పెట్టుకునేది మరొకరు. ఆ రెండో మనిషిని చాలాకాలంగా నేనే. 'సర్వే నిర్వహించబడింది' అని రాస్తాం. ఎవరు నిర్వహించారు? ఆ వాక్యంలోనూ కర్త లేదు. మగవాళ్ల అధికారాన్ని ప్రశ్నించే మనం, ఇంగ్లీషు వచ్చినందువల్ల మనకు దక్కిన అధికారాన్ని ఎందుకు ప్రశ్నించుకోం?

కాబట్టి నాదొక ప్రతిపాదన. కార్యకర్తలకు ఇంగ్లీషు నేర్పేటప్పుడు రాజులూ నక్కలూ ఉన్న అభ్యాసాలు పక్కన పెడదాం. ఎఫ్.ఐ.ఆర్., భరణం ఉత్తర్వు, మందుల చీటీ, జీతం కాగితం, ఇవే పాఠాలు కావాలి. మన రిపోర్టులను వాళ్ల చేత దిద్దించుకుందాం. మీ ప్రాంతాల్లో స్త్రీలకు అర్థంకాక నష్టపోయిన ఇంగ్లీషు మాటలేమైనా ఉంటే, పేర్లు తీసేసి మాకు రాసి పంపండి. వచ్చే శనివారాల పాఠాలు వాటితోనే తయారుచేసుకుంటాం.