ముసలి పిల్లికి వాము నీళ్లా?

“వయసు మీద పడిన పిల్లి కక్కుతూనే ఉంటుంది. దానికి డాక్టరెందుకు? కాసిని వాము నీళ్లు పట్టండి, సైడ్ ఎఫెక్టులు ఉండవు.” ఈ మాట ఇప్పుడు చిట్కాల వీడియోల్లో వినిపిస్తోంది, కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా వేదవాక్కులా వస్తోంది. 2008లో విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ చుట్టుపక్కల పొలాల్లో లేచిన విల్లాల్లో, అపార్ట్‌మెంట్లలో పిల్లులు ఎలుకలు పట్టే పని మానేసి ఇంట్లో మనుషులైపోయాయి. సోఫా మీద పడుకుంటాయి, కొన్న తిండి తింటాయి, వీధి పిల్లికి దక్కని ఆయుష్షుతో పన్నెండేళ్లు, పదిహేనేళ్లు బతుకుతాయి. అంత ముద్దుగా పెంచినవాళ్లే అది నెలల తరబడి కక్కుతుంటే పోపుల డబ్బా మూత తీసి ఊరుకుంటున్నారు. జబ్బేమిటో తెలుసుకోవడం ఇష్టం లేక చేస్తున్న పని ఇది. దానికి మూలికా వైద్యం అని పెద్ద పేరు పెడితే సహించడం కష్టం.

ముందు ‘మామూలే’ అన్న మాట సంగతి తేల్చాలి. పదేళ్లు దాటిన పిల్లి వారానికి ఒకటి రెండు సార్లు చొప్పున నెలల పాటు వాంతి చేసుకుంటోందంటే లోపల ఏదో చెడిందని అనుమానించాల్సిందే. మూత్రపిండాలు మెల్లమెల్లగా దెబ్బతింటూ ఉండొచ్చు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తూ ఉండొచ్చు. పేగు గోడ ఏళ్ల తరబడి వాచి ఉండొచ్చు, ఆ పేగులోనే లింఫోమా అనే కాన్సర్ చేరి ఉండొచ్చు. క్లోమం వాపు, షుగరు, మలబద్ధకం, ఇవి కూడా వాంతి రూపంలోనే బయటపడతాయి. అమెరికాలో టెక్సాస్‌లోని పిల్లుల వైద్యులు 2013లో ఒక పరిశీలన ప్రచురించారు. చాలాకాలంగా వాంతులు, బరువు తగ్గడం వంటి బాధలు ఉండి, స్కానింగ్‌లో చిన్నపేగు గోడ మందంగా కనబడిన నూరు పిల్లుల పేగు ముక్కలు తీసి పరీక్షించారు. 99 పిల్లులకు నిజంగానే పేగు జబ్బు ఉంది. దాదాపు సగం వాటికి దీర్ఘకాలపు వాపు, దాదాపు మరో సగం వాటికి లింఫోమా. కక్కే పిల్లులన్నిటికీ ఈ లెక్క వర్తించదు, స్కానింగ్‌లో తేడా కనబడినవాటినే వాళ్లు ఎంచుకున్నారు. అయినా ‘వెంట్రుకల ఉండలే కదా’ అని తేల్చేసేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. పిల్లి పుట్టినప్పటి నుంచీ ఒళ్లు నాక్కుంటూనే ఉంది, వెంట్రుకలు మింగుతూనే ఉంది. ఇన్నేళ్లూ కిందికి పోయిన వెంట్రుకలు ఇప్పుడే ఎందుకు పైకి వస్తున్నాయి? పేగు కదలిక మందగించిందేమో చూడాలి కదా.

ఈ జబ్బుల్లో మనల్ని బాగా మోసం చేసేది థైరాయిడ్. పన్నెండేళ్ల పిల్లి ఉన్నట్టుండి కుర్రదానిలా ఇల్లంతా తిరుగుతుంది, గిన్నె నాకి నాకి ఇంకా పెట్టమని అరుస్తుంది, రాత్రిళ్లు పెద్దగా గోల చేస్తుంది. ‘హుషారుగానే ఉంది, తిండి బాగా తింటోంది, కాస్త కక్కుతోంది అంతే’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. వీపు మీద చెయ్యి వేసి నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేళ్లకు తగులుతాయి. బొచ్చు కప్పేయడం వల్ల కంటికి ఆనదు. నాలుగు కిలోల పిల్లి నాలుగు వందల గ్రాములు తగ్గిందంటే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు. అది తెలుసుకోవడానికి పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు, చేతిసంచీలో కూర్చోబెట్టి కిరాణా కొట్టు కాంటా మీద తూచినా తెలుస్తుంది. మూత్రపిండాల జబ్బు దీనికి ఎదురు. పిల్లి నీళ్ల గిన్నె దగ్గరే కూర్చుంటుంది, మట్టి పెట్టెలో ఉచ్చ ముద్దలు పెద్దవవుతాయి, తిండి వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. ఈ రెంటికీ వైద్యం వేరు, తిండి వేరు. వాము నీళ్లు మాత్రం రెంటికీ ఒకటే. ఏ జబ్బుకైనా ఒకే మందు అన్నవాడు అసలు జబ్బు వైపు చూడలేదనే అర్థం.

‘మా పిల్లికి పట్టాం, తగ్గింది’ అనేవాళ్లుంటారు. ఈ జబ్బులన్నీ ఎగుడుదిగుళ్లతో నడిచేవే. నాలుగు రోజులు కక్కి, పది రోజులు ఊరుకుని, మళ్లీ మొదలవుతాయి. ఎవరైనా చిట్కా వెతికేది పిల్లి బాగా కక్కిన రోజునే. ఆ మర్నాడు ఎలాగూ కాస్త తెరిపి ఇస్తుంది. ఆ తెరిపి ఖ్యాతి వాముకు పోతుంది, మూడు నెలల తర్వాత పిల్లి పోతే ఆ నింద వయసు మీదికి పోతుంది. ఈ లెక్కలో వాము ఎన్నడూ ఓడదు.

ఇక ‘సహజం కాబట్టి హాని లేదు’ అనే మాట. నా అసలు పోరు దీనితోనే. వాము నూనెలో పెద్ద పాలు థైమాల్. అది ఫినాల్ జాతి పదార్థం. లవంగంలోని యూజినాల్ అదే జాతి, తులసిలోనూ అది ఉంటుంది. మన కాలేయం ఇలాంటివాటికి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి నీళ్లలో కరిగేలా చేసి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. ఆ పని చేయాల్సిన ఎంజైముల్లో ముఖ్యమైనదాని జన్యువు, యూజీటీ1ఏ6 అనేది, పిల్లి జాతిలో చెడిపోయి పడి ఉంది. తరతరాలుగా మాంసం తప్ప మరొకటి తినని జంతువుకు ఆకుల్లోని విషాలను విరగ్గొట్టే అవసరం రాలేదు, అందుకే ఆ జన్యువు పాడైనా చెల్లిపోయిందని శాస్త్రజ్ఞుల ఊహ. మనం జ్వరానికి మంచినీళ్లలా మింగే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలిగేది ఈ లోపం వల్లనే. ఆస్పిరిన్ ఒక మోతాదు పిల్లి ఒంట్లో సగానికి తగ్గడానికి రోజున్నర పడుతుంది. అంటే ఏ ప్రాణి ఆకులను అరాయించుకోలేదో, సరిగ్గా ఆ ప్రాణికే ఆకుల సారం కాచి పోస్తున్నాం. మాంసాహారి కాలేయానికి కషాయం నిరపాయమని ఎవరు పరీక్షించి చెప్పారు?

ఒక ప్రాణికి మందైనది మరో ప్రాణికి విషమని ఈ దేశం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. డైక్లోఫెనాక్ పశువుల నొప్పికి బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పకూలాయి, కొన్ని జాతుల్లో నూటికి తొంభైకి పైగా నశించాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. మన నెహ్రూ జూపార్కులో రాబందుల సంతతి పెంచే కేంద్రం పెట్టాల్సి వచ్చింది. అది ఫ్యాక్టరీ మందు, ఇది చెట్టు మందు అని ఇక్కడ తప్పించుకోవడానికి లేదు. తినే ప్రాణి కాలేయానికి, మూత్రపిండానికి ఆ తేడా తెలియదు.

మిగతా చిట్కాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. పచ్చి కలబందలోని పసుపు జిగురు వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. అరిష్టాల్లో, ఆసవాల్లో పులియడం వల్ల పుట్టే మద్యం ఐదు నుంచి పది శాతం దాకా ఉంటుంది, దాన్ని నాలుగు కిలోల ప్రాణి గొంతులో పోస్తారా? అల్లానికి మనుషుల వికారంలో కొంత ఆధారం ఉంది, ముసలి పిల్లి మూత్రపిండాల జబ్బులో దానివల్ల మేలని చూపిన ఆధారం లేదు. అన్నిటికన్నా నన్ను ఆపేది కుప్పింటాకు. రోడ్ల పక్క, ఖాళీ ప్లాట్లలో ఎక్కడ పడితే అక్కడ మొలిచే మొక్క. దాని వేరు వాసనకు పిల్లికి పూనకం వస్తుంది, మీద పడి దొర్లుతుంది. ‘పిల్లికి దాని మందు దానికే తెలుసు’ అనేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి! కానీ ఆ ఆకు రసాన్ని మన పెద్దలు పసిపిల్లలకు ఏ పనికి వాడారో తెలుసా? వాంతి చేయించడానికి. గడ్డి సంగతీ అంతే. కాలిఫోర్నియా పరిశోధకులు వెయ్యికి పైగా పిల్లుల యజమానులను అడిగి చూస్తే, గడ్డి తినేముందు నలతగా కనబడిన పిల్లులు చాలా తక్కువ, తిన్నాక తరచూ కక్కేవి మాత్రం సుమారు నాలుగో వంతు. పిల్లి గడ్డి తినేది జబ్బు నయం చేసుకోవడానికని చెప్పే కథ అక్కడితో సరి.

‘మన సంప్రదాయాన్ని కించపరుస్తున్నారు’ అన్న ఆరోపణ ఎలాగూ వస్తుంది. సంప్రదాయం పేరెత్తేవాళ్లు దాన్ని చదివితే బాగుండేది. చరక సంహితలో వాంతికి, అంటే ఛర్దికి, ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. అందులో ఛర్దిని ఐదు రకాలుగా విడగొట్టి, దేని లక్షణం ఏమిటో, దేనికి ఏ చికిత్సో వేర్వేరుగా చెప్పారు. నిదానం లేకుండా ఔషధం ఆ శాస్త్రంలో లేనే లేదు. ఇక పశువుల విషయానికొస్తే పాలకాప్యుడి పేర ఏనుగుల వైద్యం ఉంది, శాలిహోత్రుడి పేర గుర్రాల వైద్యం ఉంది. మన పల్లెల్లో ఆవులకు, గేదెలకు, గొర్రెలకు తరాలు పరీక్షించిన నాటు వైద్యం ఉంది. పశువైద్యురాళ్లు స్థాపించిన ఆంత్ర సంస్థ తెలుగు పల్లెల్లో తిరిగి ఆ విజ్ఞానాన్ని ఓపిగ్గా సేకరించింది. పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం కలిపి పూసే పద్ధతిని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థే ప్రచారం చేస్తోంది. అది పైపూత, గేదె నెమరువేసే జంతువు, జబ్బు పేరు ముందే తెలుసు. ఆ గౌరవం తీసుకొచ్చి, పేరు తెలియని జబ్బున్న పిల్లికి కడుపులోకి ఇచ్చే కషాయానికి అంటగట్టడం ఆ నాటు వైద్యులకే అవమానం. వాళ్లు పశువును చూసి, పేడ చూసి, చెవి పట్టుకుని వేడి చూసి మందిచ్చారు. వీడియోలో మాట్లాడేవాడు ఏం చూశాడు?

లంఖణం పరమౌషధం అన్న మాట కూడా పిల్లికి పనికిరాదు, దీనివల్ల ప్రాణాలు పోతున్నాయి కాబట్టి గట్టిగా చెప్పాలి. కక్కుతోంది కదా అని రెండు మూడు రోజులు తిండి మాన్పిస్తే, ముఖ్యంగా ఒళ్లున్న పిల్లికి, ఒంటి కొవ్వంతా కరిగి కాలేయంలో పేరుకుంటుంది. చెవుల లోపలి చర్మం, చిగుళ్లు పచ్చబడతాయి. ఆ దశలో పిల్లిని నిలబెట్టాలంటే వారాల తరబడి గొట్టం ద్వారా తిండి పెట్టాలి. సిరంజితో బలవంతంగా కషాయం పోసినా ముప్పే. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా, పోకపోయినా ఆ చేదు రుచి గుర్తుండిపోయి గిన్నె దగ్గరికే రాదు.

చివరి అభ్యంతరం ఖర్చు, దూరం. ఖర్చు మాట నిజమే, రక్తపరీక్షలు, స్కానింగ్ చవక కాదు. కానీ దూరం మాట శంషాబాద్‌వాళ్లు అనకూడదు. విమానాశ్రయం దారిలోనే రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆస్పత్రి ఉంది. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ఇంకో సంగతి. దేశంలో పెంపుడు జంతువుల దిగుమతికి అనుమతి ఉన్న కొద్ది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. పిల్లిని విదేశానికి పంపాలంటే రేబిస్ టీకా, మైక్రోచిప్, ఆరోగ్య ధ్రువపత్రం, క్వారంటైన్ అధికారుల సంతకం, ఇవన్నీ ఇదే ఊళ్లో పరుగెత్తి చేయిస్తారు. ఏ జబ్బూ లేని కుర్ర పిల్లికి ఇన్ని పరీక్షలు. పిల్లలు విమానమెక్కి వెళ్లిపోతూ అమ్మానాన్నల దగ్గర వదిలిన ముసలి పిల్లికి మాత్రం వీడియో కాల్‌లో చెప్పిన జీలకర్ర నీళ్లు. డబ్బు లేక కాదు, శ్రద్ధ చివరి వరుసలో పడింది.

మరి చేయాల్సిందేమిటి? బరువు, క్రియాటినిన్, మూత్రం చిక్కదనం, థైరాయిడ్, రక్తపోటు. ఇవి తెలిస్తే సగం దారి తెలుస్తుంది. వాంతి ఆపే మందులు పిల్లి కోసం పరీక్షించినవి ఉన్నాయి, ఒంట్లో నీరు తగ్గితే చర్మం కింద ఎక్కించవచ్చు, పేగు వాపుకైతే తిండి మార్చి చూడవచ్చు. నిదానం అయ్యాక ఫలానా మూలిక పనికొస్తుందని పిల్లి సంగతి తెలిసిన వైద్యుడు చెబితే వాడుకోవచ్చు, నాకు మూలిక మీద పగ లేదు. డాక్టర్లకూ ఒక మాట. పరీక్షల చీటీ రాసేముందు ‘ఇంట్లో ఏం పట్టారు, ఎన్ని రోజులు పట్టారు’ అని అడగాలి, అదీ కసురుకోకుండా అడగాలి. కసురుకుంటే ఇంటివాళ్లు దాస్తారు. అప్పుడు కాలేయం లెక్కలు పెరిగింది జబ్బు వల్లనో, వాము వల్లనో ఆ డాక్టరుకూ తెలియదు.