జీడి యూనిట్లకు జీతాల సాఫ్ట్‌వేర్: కిలోలు సరే, రోజుల మాటేమిటి?

పలాస:

ఉద్దానం జీడితోటల అండతో ఎదిగిన పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల్లో జీడిపప్పు పరిశ్రమలు వందల సంఖ్యలో వున్నవి. వాటిలో చాలా భాగం చిన్నవే. యజమాని, ఒక గుమస్తా, ఇరవై ముప్ఫై మంది కూలీలు, అంతే బలగం. నోటు పుస్తకంతో నడిచే కూలి లెక్కను కంప్యూటరుకు ఎక్కించవలసిన అవసరం ఇలాంటి వాటికీ వచ్చిపడింది. పదిమంది పనివారుంటే ఈఎస్‌ఐ, ఇరవై మంది వుంటే పీఎఫ్ వర్తిస్తాయి. రెండింటి చలానాలూ మరుసటి నెల 15వ తేదీలోగా ఆన్‌లైన్‌లోనే దాఖలు కావాలి. దీనికి తోడు 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చిన సంగతి విదితమే.

మరి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ధర ఎంత, సెల్‌ఫోనులో కనపడుతుందా అని అడిగి ఊరుకుంటే చాలదు. బజారులో దొరికే వాటిలో అధిక భాగం నెల జీతగాళ్ల ఆఫీసులను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. ఇక్కడి పని తీరు వేరు. పిక్కలు కొట్టడం, పప్పు మీది పొర తీయడం వంటి పనులకు కిలోల లెక్కన కూలి కడతారు. చేసేవారిలో ఎక్కువ మంది స్త్రీలు.

చిక్కంతా ఇక్కడే వున్నది. ఈఎస్‌ఐ రిటర్నులో కూలి మొత్తంతో పాటు ఆ నెల ఎన్ని రోజులకు చెల్లించారో కూడా చూపాలి. సాఫ్ట్‌వేర్‌కు కిలోలు మాత్రమే తెలిస్తే, రోజుల గడిలో గుమస్తా ఉజ్జాయింపుగా ఏదో ఒక అంకె వేస్తాడు. ఉదాహరణకు నెలకు 24 రోజులు పనిచేసి 9,600 రూపాయలు సంపాదించిన స్త్రీ కూలిలో ఈఎస్‌ఐకి 0.75 శాతం, అంటే 72 రూపాయలు కోత పడుతుంది. యజమాని వాటా 3.25 శాతం చొప్పున 312 రూపాయలు. రోజుల గడిలో 24కు బదులు 12 వేసినా ఈ సొమ్ములో పైసా తేడా రాదు. కనుక తప్పు ఎవరి కంటా పడదు. కాని ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు నిండితేనే ఆమెకు జబ్బు భత్యం వస్తుంది. ఆమె నిజంగా చేసినవి 144 రోజులు, కాగితం మీద మిగిలినవి 72. జబ్బుపడి ఆస్పత్రి చీటీ పట్టుకు వెళ్లిన రోజున గాని సంగతి బయటపడదు. ప్రసూతి భత్యానికి కూడా 70 రోజుల షరతు వున్నది.

అందుచేత కిలోలను, హాజరును విడివిడిగా పట్టే సాఫ్ట్‌వేర్ కావాలి. లెక్కలకు టాలీ వాడుతున్న యూనిట్లు వేరే కొనవలసిన పని లేకపోవచ్చు. ఉత్పత్తిని బట్టి కూలి కట్టే సదుపాయం అందులోనే వున్నది. హైదరాబాద్ వారి కేకా వంటివి సెలవులు, నియామకాలు, పనితీరు అన్నీ చూస్తాయి. పాతిక మంది పొర తీసే చోట అంత హంగు ఎందుకో యోచించుకోవాలి. పైగా ఇలాంటివాటికి తలకింత అని నెలనెలా కట్టడం రివాజు. 2018 అక్టోబరులో తితిలీ తుపాను దెబ్బ తిన్న ప్రాంతమిది. ఏడాది పొడవునా ఒకే బలగం వుంటుందని ఎవరూ చెప్పలేరు. పని ఆగిన నెలలో ఇంటివద్ద వున్నవారికీ రుసుము పడుతుందా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మేలు.

పేర్ల గొడవ మరొకటి. ఇంటిపేరుతో సహా కలిసిపోయే లక్ష్ములు, అప్పలనరసమ్మలు ఒకే యూనిట్‌లో ఇద్దరేసి వుండవచ్చు. ఆధార్‌తో ముడిపడని పీఎఫ్ నంబరుకు 2021 సెప్టెంబరు 1 నుంచి చలానా దాఖలు కావడం లేదు. 2025 ఆగస్టు 1 నుంచి కొత్త నంబరు కావాలంటే కార్మికురాలే ఉమాంగ్ యాప్‌లో ముఖం చూపాలి. అంతా కంప్యూటరే చూసుకుంటుందని అమ్మేవాడు చెబితే నమ్మనక్కరలేదు.

కొత్త కోడ్ ప్రకారం మానేసిన కూలీకి రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. భత్యాలు మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలపాలి. ఎవరో ఊరికే ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్‌కు ఈ మార్పులు తెలియవు.

కొనేముందు మేనేజరు జీతం కాక, పొర తీసే ఒక కూలీ గత నెల పద్దును అమ్మేవాడి ఎదుటే ఎక్కించి చూడాలి. కోతలు పోగా చేతికొచ్చే బటవాడా పాత పుస్తకంతో సరిపోవాలి. చీటీ తెలుగులో రావాలి. తరువాత రెండు నెలలు పుస్తకం, కంప్యూటరు రెండూ నడపాలి. ఏప్రిల్ 1న గాని, అక్టోబరు 1న గాని మారితే ఈఎస్‌ఐ చందా కాలం కూడా అప్పుడే కొత్తగా మొదలవుతుంది గనుక, పాత రోజులను మోసుకురావలసిన బాధ వుండదు.