గుడగుడ శబ్దానికి అమ్ముడుపోయిన ఇంజన్లు

ఎవరికి కోపం వచ్చినా సరే, ముందే చెప్పేస్తున్నాను. రోడ్డు మీద తిరిగే కారుకి రేసు కామ్‌షాఫ్ట్ ఎక్కించి, దానికి పర్ఫార్మెన్స్ అని పేరుపెట్టి లక్షలు గుంజే ట్యూనర్ మోసగాడు. తెలిసీ ఎక్కించుకునేవాడికి ఆ మోసంలో వాటా ఉంది.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి దాదాపు 40 కిలోమీటర్లు. చెన్నై నుంచి తిరుపతికి పోయే దారి ఇదే. కనకమ్మసత్రంలో బస్సు ఆగితే వెనక బండ్లన్నీ ఆగుతాయి. పెరటాసి నెలలో తిరుమలకి నడిచిపోయే భక్తులు రోడ్డంచున బారులుగా సాగుతుంటారు. ఈ దారిలో నీ ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోందో ఎప్పుడైనా మీటరు వైపు చూశావా తమ్ముడూ? రెండు వేలు, మహా అయితే రెండున్నర వేల ఆర్‌పీఎం. లారీని దాటేటప్పుడు ఒక నిమిషం పాటు నాలుగు వేలు. నువ్వు కొన్న కామ్ నిద్ర లేచేదే నాలుగున్నర వేల దగ్గర. అంటే నువ్వు డబ్బిచ్చి కొన్న బలం ఈ రోడ్డు మీద నీకు కనిపించదు. అంతకుముందు ఉన్న బలం మాత్రం పోయింది.

ఎందుకు పోయింది? అమ్మినవాడు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులని తెరిచే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజన్ 3,000 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో వాల్వ్ సెకనుకి 25 సార్లు తెరుచుకుంటుంది. 7,000 దగ్గర 58 సార్లు. అంత వేగంలో సిలిండర్ నిండడానికి సమయం చాలదు కాబట్టి రేసు కామ్ వాల్వ్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. 1.27 మిల్లీమీటర్ల లిఫ్ట్ దగ్గర కొలిస్తే మామూలు కామ్ డ్యూరేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి, 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, ముదురు రేసు కామ్‌ది 250 దాటిపోతుంది. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది కాబట్టి తక్కువ వేగంలో పిస్టన్ పైకి వస్తూ వస్తూ లోపలికి తీసుకున్న గాలినే బయటికి నెట్టేస్తుంది. పైగా రెండు రకాల వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది. ఏడు వేల దగ్గర అది వరం, బయటికి దూసుకుపోయే పొగ కొత్త గాలిని వెంట లాగుతుంది. ఐడ్లింగ్‌లో అదే శాపం, కాలిన పొగ ఇన్‌టేక్‌లోకి వెనక్కి తంతుంది. ఒకసారి మండుతుంది, ఒకసారి సరిగా మండదు.

నువ్వు వీడియో తీసి ఊరంతా పంచే ఆ గుడగుడ ఇదే. మండలేక తడబడుతున్న ఇంజన్ అది. దానికి మీసం తిప్పుతున్నావు.

శబ్దంతో పోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. బ్రేకుల సంగతి చూడు. పెట్రోలు కార్లలో చాలావాటికి బ్రేక్ బూస్టర్ పనిచేసేది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని వాక్యూమ్‌తో. ఓవర్‌ల్యాప్ పెరిగితే ఐడ్లింగ్‌లో ఆ వాక్యూమ్ పడిపోతుంది. తిరుత్తణి కొండకి 365 మెట్లు, పక్కనే కార్లు ఎక్కే ఘాట్ రోడ్డు. ఆడికృత్తికకి కావళ్లు మోసే జనం మధ్య ఆ రోడ్డులో ఫస్ట్ గేరులో పాక్కుంటూ పోవాలి. రెండు మూడుసార్లు వరసగా బ్రేకు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. దిగేటప్పుడు ముందు పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఉంటారు. అప్పుడు నీ డైనో షీటు మీద ఉన్న హార్స్‌పవర్ అంకె చదివి వినిపిస్తావా వాళ్లకి? వీల్స్‌కి, స్టిక్కర్లకి, సైలెన్సర్‌కి డబ్బుంటుంది, బ్రేక్ ప్యాడ్లకి మాత్రం ఉండదు. సిగ్గులేదా?

వీళ్లు వారసత్వం మాట్లాడతారు, అది నాకు మరీ మంట. షోళవరం పేరెత్తుతారు. అవును, ఈ తిరువళ్లూరు జిల్లాలోనే ఉంది షోళవరం. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద, 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు రేసులు నడిపింది. దిగుమతికి దారిలేని రోజులవి. 1,089 సీసీల ఫియట్, 1,489 సీసీల అంబాసిడర్, రెండూ పుష్‌రాడ్ ఇంజన్లే. వాటితోనే బలం రాబట్టుకోవాలి. ఆ పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ అలా మలిచిన ఇంజన్లు రన్‌వే మీద తిరగడానికి పుట్టాయి, వారం వారం విప్పి మళ్లీ బిగించడానికి పుట్టాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ కూడా వచ్చేసింది. తిరువళ్లూరు నుంచి ఎంత దూరం? గంట ప్రయాణం. నిజంగా రేసు రక్తం ఉన్నవాడు హెల్మెట్ పెట్టుకుని అక్కడికి పోతాడు. నువ్వు పోవు. అక్కడ గడియారం నిజం చెబుతుంది. అర్ధరాత్రి హైవే మీద గడియారం ఉండదు.

కోయంబత్తూరు తెలుగు మిల్లు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ 1988లో ఫార్ములా మారుతి కారు తయారుచేశాడు. దానిలో పెట్టింది మారుతి 800లోని 796 సీసీ ఇంజనే. నరేన్ కార్తికేయన్ తన మొదటి రేసు నడిపింది ఆ కారులోనే, తర్వాత 2005లో ఫార్ములా వన్‌కి చేరాడు. వాళ్లని ఆ స్థాయికి చేర్చింది గుడగుడ కాదు.

మన ఊరి కథే చూడు. హిందుస్థాన్ మోటార్స్ తిరువళ్లూరు ఫ్యాక్టరీ నుంచి 1998లో మిత్సుబిషి లాన్సర్ బయటికొచ్చింది, 2006లో సీడియా. ర్యాలీ జట్లు ఆ సీడియాని ఎగబడి తీసుకున్నాయి. మట్టి మలుపుల్లో వేగం పడిపోయి మళ్లీ పుంజుకోవాలి కాబట్టి ర్యాలీ ఇంజన్‌కి మధ్య ఆర్‌పీఎంలో లాగుడు కావాలి, సర్క్యూట్ కామ్ అక్కడ పనికిరాదు. గెలవడమే వృత్తిగా ఉన్నవాళ్లు దారిని చూసి కామ్ ఎంచుకుంటారు. రోడ్డు కారుకీ అదే నీతి. 1989లో హోండా వీటెక్ తెచ్చింది. 1.6 లీటర్ల ఇంజన్ నుంచి 160 హార్స్‌పవర్ తీసింది. అయినా ఒకే షాఫ్ట్ మీద వాల్వ్‌ని నెట్టే లోబ్‌లు రెండు రకాలవి పెట్టింది, ఊళ్లో తిరగడానికి మెత్తనిది, పైవేగానికి ముదురుది. ఫార్ములా వన్ గెలిచిన హోండాయే రోడ్డు కారుని రేసు లోబ్ ఒక్కదానికే వదిలెయ్యలేదు. గల్లీ చివర షెడ్డు ట్యూనర్‌కి హోండా కంటే ఎక్కువ తెలుసా?

ఇక అవతలి గుంపు. కంపెనీ ఇచ్చినదాన్ని ముట్టుకుంటేనే పాపమంటూ జపం చేసే పెద్దమనుషులు. వాళ్లకీ చదువు తక్కువే. కంపెనీ కామ్ కూడా రాజీయే, పొగ నిబంధనలకి, మైలేజీకి, గ్యారంటీకి మధ్య కుదిరిన రాజీ. దాని డ్యూరేషన్‌ని కొద్దిగా పెంచి, లిఫ్ట్ కాస్త ఎక్కువ ఇచ్చి, ఈసీయూ మ్యాప్ సరిచేస్తే మూడు వేల నుంచి హాయిగా లాగే ఇంజన్ తయారవుతుంది. ఆ మధ్యేమార్గాన్ని నేను సమర్థిస్తాను.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది, దీన్ని ఏ ట్యూనరూ విప్పి చెప్పడు. డ్యూరేషన్ పెంచకుండానే లోబ్ అంచుని నిటారుగా చెక్కి వాల్వ్‌ని చటుక్కున లేపి చటుక్కున మూయొచ్చు. కింది వేగంలో లాగుడు అంతగా పోదు, కాగితం మీద అద్భుతం. కానీ వాల్వ్ సీటు మీద పడే దెబ్బ పెరుగుతుంది, గట్టి స్ప్రింగులు కావాలి, గట్టి స్ప్రింగు లోబ్‌నీ రాకర్‌నీ అరగదీస్తుంది. పాత స్ప్రింగులే ఉంచితే పైవేగంలో వాల్వ్ లోబ్‌ని వదిలేసి ఎగురుతుంది, పిస్టన్‌కి తగిలితే హెడ్డు పోయినట్టే. సీజన్‌కోసారి విప్పే రేసు ఇంజన్‌కి ఇది సరే. లక్ష కిలోమీటర్లు తిరగాల్సిన ఇంటి కారుకి పాత పద్ధతి మెత్తటి అంచే నయం. పాతదంటే చేతకానిదని నీకు నూరిపోసినవాడికి ప్రతి ఏడాదీ నీ హెడ్డు విప్పే పని దొరుకుతుంది.

నమ్మడం లేదా? రేపే ఆ షెడ్డుకి పో. 1.27 మిల్లీమీటర్ల దగ్గర డ్యూరేషన్ ఎంత, లోబ్‌ల మధ్య కోణం ఎంత, స్ప్రింగు సీటు మీద ఒత్తిడి ఎంత, వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ ఎంత కొలిచాడో కాగితం మీద రాసిమ్మను. రెండు వేల ఆర్‌పీఎం నుంచి టార్క్ గీత చూపించమను, నాలుగు వేల నుంచి మొదలయ్యే సగం షీటు ఒప్పుకోకు. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ గేజ్ పెట్టించు. రాసిస్తే కూర్చుని మాట్లాడు. రాసివ్వకుండా యాక్సిలరేటర్ తొక్కి శబ్దం వినిపించాడా, తాళం తీసుకుని బయటికి వచ్చెయ్.